నొప్పి తగ్గిన పన్ను

బ్రాడీపేట వీథులను పేర్లతో గాక అంకెలతో పిలుచుట మన పట్టణవాసుల వాడుక. నాలుగవ లైను, ఒకటవ అడ్డరోడ్డు అన్నచో ఆటో నడుపువాడు మరొక ప్రశ్న వేయడు. ఈ లైనులలో వైద్యుల పేరుపలక లేని సందు అరుదు. మిరపకాయ యార్డునకు చేరు దినములలో ఆ పలకల క్రింద ఒక దృశ్యము తరచు కానవచ్చును: సరకు అమ్ముకొని, తలకు చుట్టవలసిన తుండుగుడ్డను చెంపకు కట్టుకొని, దంతవైద్యుని వాకిట కూర్చున్న రైతు. ఎన్నాళ్లనుండి బాధ యని అట్టివారి నొకరిని అడిగితిమి. "సంక్రాంతికి పోటు లేచిందండీ. లవంగనూనె పెట్టా, తగ్గింది. పంట చేతికొచ్చాక చూద్దామని ఊరుకున్నా" అని ఆయన అనెను. ఆ "తగ్గింది" అను మాటను గూర్చియే మేము వ్రాయుచున్నాము.

పంటిమీది పింగాణీవంటి పొర మానవదేహమున కెల్ల కఠినమైనది. దానికి నొప్పి తెలియదు. మనము తినిన తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పొరను కొంచెము కొంచెముగా కరగించి లోపలి భాగమును చేరినపుడు చల్లనీరు తగిలి జివ్వుమనును, మరుక్షణమే పోవును. ఈ దశలో వచ్చినచో పుచ్చు తీసి పూడ్చుటతో సాధారణముగ పని ముగియును. పుచ్చు ఇంకను దిగి పంటి నడిమి నాడిని ముట్టినపుడు కథ మారును. కాఫీగ్లాసు క్రింద పెట్టిన తరువాతను పోటు నిలిచియుండును, పరుండగానే హెచ్చును, ఏ పన్నో వ్రేలితో చూపుటకును ఒక్కొక్కప్పుడు వీలుకాదు. నాలుగువైపుల గట్టిగోడలు గల గదిలో వాపు పుట్టినచో పెరుగుటకు చోటేది? అటుపిమ్మట ఒకనాడు నాడి చచ్చును. బాధ మాయమగును. లవంగనూనెకు కీర్తి దక్కును. చచ్చిన నాడి కుళ్లి, వేరు చివరనుండి ఎముకలోనికి చీము దిగుటకు వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. అంతలో పంట చేతికి వచ్చును.

లవంగనూనెను మేము నిందింపము. అది కొంతసేపు తిమ్మిరెక్కించును; అంతకుమించి దాని నడుగుట అన్యాయము. అంగడిలో అడిగి తెచ్చుకొను మాత్రలును అట్టివే. చీమునకు కారణమైన పంటిని బాగుచేయక మాత్రలు మ్రింగుట, గండి పూడ్చక నీరు తోడుటయే.

పంటిలో పురుగు దొలుచునను నమ్మకము మనదేకాదు, లోకమున కంతటికిని ఉండెను. సుశ్రుతసంహిత కృమిదంతకమును పేర్కొనినది. 1728లో ఫ్రెంచివైద్యుడు పియేర్ ఫోషార్ పురుగు మాటను కాదనెను. 1890లో మిల్లర్ పండితుడు సూక్ష్మజీవులును ఆమ్లమును కలిసి చేయు పనిని వివరించెను. వాకుడు గింజల పొగ పట్టి, రాలిన పురుగులను పళ్లెములో చూపువారిని మన పల్లెలు చూచియున్నవి. ఆ పురుగులు పంటిలోనివి కావు.

మన మిరపకాయమీదను ఒక అపవాదు కలదు. కారము తిని పళ్లు పుచ్చెనని గుంటూరువారే చెప్పుదురు! కారము పుండుపడిన చిగురును మండించునేగాని పంటిని పుచ్చజేయదు. గంటగంటకు త్రాగు చక్కెర కాఫీ, పిల్లలు చప్పరించు బిళ్ల—దోషులు వీరు. పశ్చిమాన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల గోధుమరంగు పళ్లు వేరొక వ్యాధి. అవి నాడు నెల్లూరుజిల్లాలో నుండగా, నీటిలోని ఫ్లోరైడువలన కలుగు ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. అచ్చట ముందు బాగుపడవలసినది నీరు.

పంటినొప్పి యనిపించునది యెల్ల పంటిది కాదు. జలుబు చేసి ముఖపుటెముకలలోని గదులు నిండినను పైదవడ లాగును. జ్ఞానదంతము చోటు చాలక అడ్డముగ మొలిచినను నోరు తెరువరాదు. నడివయస్సు దాటినవారికి, పుచ్చులేకయే క్రింది దవడ లాగుచు, రొమ్ము బరువై, చెమట పోసినచో వెదుకవలసినది దంతవైద్యుని గాదు. అది గుండెపోటు కావచ్చును. తక్షణము పెద్దాసుపత్రికి పోవలెను. మధుమేహము గలవారి చిగుళ్లు నొప్పిలేకయే పాడై పళ్లు కదలును. నొప్పికొరకు వేచియుండుట వారికి మరింత ప్రమాదము.

రెండు దినములు వీడని నొప్పికి, నిద్ర చెరచు పోటునకు, చిగురుమీద చీముపొక్కునకు వైద్యుని చూడవలెను. చెంప వాచి జ్వరము వచ్చినచో ఆనాడే పోవలెను. వాపు దవడక్రిందికి, మెడకు దిగి, మ్రింగుటకో ఊపిరికో అడ్డము వచ్చినచో గంటలు లెక్కింపవలెను. ఒక్క పుచ్చుపన్ను ప్రాణము తీయుట కలదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యవిభాగము కలదు. తక్కెళ్ళపాడున దంతవైద్య కళాశాలయే యున్నది. దూరమను సాకు మనకు లేదు. వ్యయమను సాకు కలదు. కాని పూడ్చుటకగు సొమ్మునకును, నాడి తీసి వేరు శుభ్రపరచి తొడుగు వేయుటకగు సొమ్మునకును గల తేడా ఆలస్యమునకు చెల్లించు వడ్డీయే.

మేమును ఈ నేరము చేసినవారమే. దవడపంటి నొకదానిని పనుల నెపమున రెండేండ్లు ఉపేక్షించి పోగొట్టుకొంటిమి.

ఆ రైతు పంటిని నిలుపుట సాధ్యము కాలేదు. తీసిన పంటిని కాగితమున పొట్లము కట్టించుకొని, ఎడమవైపు మరొకటి చల్లనీళ్లకు జివ్వుమనుచున్నదనియు, దానికెప్పుడు రావలెననియు ఆయన అడిగెను. ఈ పుండు మానగానే, వచ్చేవారమే రమ్మనిరి వైద్యులు. "పత్తి విత్తనాలు పెట్టాక వస్తానండీ" అని ఆయన తుండుగుడ్డ దులుపుకొని లేచెను.