పాత మోటారుకారులో చమురు కారుట: వెదకుట, బాగుచేయుట

పెంకుటింట వాన కురియునప్పుడు, చుక్క పడినచోటికి సరిగా పైననే పెంకు పగిలియుండునని తలచుట పొరపాటు. నీరు ఎక్కడనో లోనికి దిగి, వాసము వెంట జారి, వేఱొక చోట నేలపై బడును. పాత కారు క్రింద కనబడు నల్లని మరకయు నిట్టిదే. మరకయున్న చోటు వేఱు, చమురు వెలువడు చోటు వేఱు. ఈ భేదము నెఱుంగక మరమ్మతునకు పూనుకొనువారు సొమ్ము వెచ్చించియు, వారము తిరుగకమునుపే మరల నా మరకనే చూతురు. కావున ముందు వెదకుట, పిదప బిగించుట యను క్రమమును విద్యార్థులకును, ఇంట పాత కారు గల తలిదండ్రులకును తెలుపుటకై యీ వ్యాసము.

ఉదాహరణమునకు అంబాసిడరు కారును గైకొందము. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు దీనికి మాతృక. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దీనిని 1950ల చివరనుండి 2014 వఱకు తయారుచేసిరి. 1489 ఘన సెంటీమీటర్ల పాత పెట్రోలు ఇంజను గల బండ్లను గూర్చియే యిచట చెప్పబడును.

ఈ ఇంజనులో సుమారు 4 లీటర్ల చమురు పట్టును. అది లోపలి భాగములు ఒండొంటితో నొరసికొని యరిగిపోకుండ కాపాడును. వేడిని కొంత తీసికొనిపోవును. ఇప్పుడొక చిన్న లెక్క చూడుడు. బండి నడచునప్పుడు 10 సెకండుల కొక చుక్క చొప్పున కారినచో గంటకు 360 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరనుకొన్నచో గంటకు 18 మిల్లీలీటర్లు. 50 గంటల ప్రయాణమునకు 900. అనగా చమురులో దాదాపు నాలుగవ వంతు పోయినట్లే. అట్లు తగ్గుచు పోయినచో బేరింగులు కాలి ఇంజను పట్టివేయును. అంతియకాదు, కాలుచున్న ఎగ్జాస్టు గొట్టముపై చమురు పడిన పొగ లేచును, ఒక్కొక్కప్పుడు నిప్పంటుకొనవచ్చును.

మొదట చమురు కారుచున్నదో, లోపల కాలుచున్నదో తెలిసికొనవలెను. వెనుక గొట్టమునుండి నీలిపొగ వచ్చుచున్నచో అది కాలుట. పొగ లేక, పుల్లతో కొలిచినప్పుడు మట్టము తగ్గుచున్నచో అది కారుట. పిమ్మట రాత్రి బండి క్రింద తెల్లని అట్ట పఱచి, తెల్లవారి చుక్కలు ముందు వైపున పడినవో, నడుమ పడినవో, వెనుక పడినవో గుర్తు పెట్టుకొనవలెను.

తరువాత ఇంజనును శుభ్రపఱచవలెను. పాత మురికిపై క్రొత్త చమురు జాడ తెలియదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, బ్యాటరీ తీగ ఊడదీసి, కార్బురేటరును, డిస్ట్రిబ్యూటరును గుడ్డతో కప్పి, కిరసనాయిలులో ముంచిన కుంచెతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. దగ్గఱ దీపము గాని, చుట్ట గాని యుండరాదు. బాగుగా ఆరిన పిమ్మట అనుమానము గల చోట్ల ముఖమునకు రాచుకొను పౌడరు చల్లి, తీగ మరల తగిలించి, ఇంజనును పది నిమిషములు నడిపి ఆపవలెను. చమురు వెలువడు చోట తెల్లని పొడి నల్లబడును. అట్టివానిలో అన్నిటికంటె ఎత్తుననున్న చోటే మూలము. క్రిందివి దాని జాడలు కావచ్చును.

వెదకుట పైనుండి క్రిందికి సాగవలెను. అన్నిటికి పైనున్నది రాకరు కవరు. దాని కార్కు గ్యాస్కెట్టు ఎండి బీటలు వారును. ఎగ్జాస్టు వైపున, క్రిందుగా, రెండు టాపెట్ కవరులు గలవు. ఇచటి చమురు ఎగ్జాస్టు గొట్టమునకు చేరువ గనుక జాగ్రత్త యవసరము. ఆవలి ప్రక్క ఆయిలు ఫిల్టరును, చమురు ఒత్తిడి తెలుపు గడియారమునకు పోవు సన్నని గొట్టమును చూడవలెను. ముందున పుల్లీ వెనుక నున్న సీలు చెడినచో పుల్లీ చమురును చుట్టును చిమ్మును. అడుగున సంపు గ్యాస్కెట్టు, డ్రెయిను ప్లగ్గు గలవు. సముద్రపు గాలి తగులు మన సీమలో సంపు రేకు త్రుప్పుపట్టి చిల్లులు పడుటయు సంభవమే.

ఏ గ్యాస్కెట్టు మార్చుటకైనను ముందు ఇంజను ఊపిరి గొట్టమును, అనగా బ్రీదరును, పరీక్షింపవలెను. పిస్టనుల ప్రక్కనుండి కొంత వాయువు లోపలికి దిగుట సహజము. అది బయటికి పోవు దారి మూసికొనిపోయినచో లోపల ఒత్తిడి పెరిగి, బలహీనమైన ప్రతి యతుకునుండియు చమురును నెట్టును. మురుగుకాలువ పూడిపోయినప్పుడు నీరు గట్టునకు గండి పెట్టును గదా! పూడిక తీయక గండ్లు పూడ్చుచున్నచో పని యెన్నటికి ముగియును? ఇదియు నట్లే. పలుచోట్ల ఒక్కసారిగా చమురు కారుచున్నచో ముందు బ్రీదరునే అనుమానింపుడు. దానిని శుభ్రపఱచినను వాయువు మిక్కుటముగా వచ్చుచున్నచో పిస్టను రింగులు అరిగినవని గ్రహింపవలెను.

కారుచున్నదని బోల్టులను బలముకొలది బిగించుట సామాన్యముగా జరుగు తప్పు. అందువలన కార్కు నలిగి చీలును, రేకు వంగును. కవరును విప్పి, గాజుపలకపై బోర్లించి వంకర యున్నదేమో చూచి సరిచేసి, పాత గ్యాస్కెట్టు ముక్కలను పూర్తిగా గీకివేసి, క్రొత్తది వేయవలెను. సంపు బోల్టులను వరుసగా గాక ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. డ్రెయిను ప్లగ్గు రాగి వాషరు వాడుకచే గట్టిపడును. క్రొత్తది దొరకనిచో దానిని ఎఱ్ఱగా కాల్చి చల్లార్చినచో మరల మెత్తనై చక్కగా నతుకును. ఒక్కొక్క చోటు బాగుచేసి, మరల పౌడరు చల్లి చూచినగాని మరియొక చోటికి పోరాదు.

ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ కారు చమురు వేఱు విధమైనది. ఈ ఇంజనులో క్రాంకుషాఫ్టు వెనుక చివర రబ్బరు సీలు లేదు. షాఫ్టుపై చెక్కిన మర, అది తిరుగునప్పుడు చమురును లోనికి త్రిప్పికొట్టును. బేరింగు అరిగి సందు పెరిగినచో ఆ మర చాలదు. దీనిని బాగుచేయుటకు ఇంజనును దింపవలెను, వ్యయము హెచ్చు. రోజునకు నాలుగైదు చుక్కలు మాత్రమే పడుచున్నచో మట్టము చూచుకొనుచు, తగ్గినంత పోసికొనుచు బండిని నడుపుకొనవచ్చును. చమురు క్లచ్చి పలకకు తగిలి బండి జారుచున్నచో మాత్రము ఆలస్యము కూడదు.

తీసివేసిన చమురును కాలువలో గాని బోదెలో గాని పోయరాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైననాటి నుండి కోనసీమ పొలములకు గోదావరి కాలువలే ఆధారము. మన మంచినీటి చెఱువులును వానివలననే నిండును. 2016 నాటి ప్రభుత్వ నిబంధనలలో వాడిన చమురు ప్రమాదకరమైన వ్యర్థముగా పేర్కొనబడినది. దానిని డబ్బాలో పోసి మూతవేసి, శుద్ధిచేయువారికి పంపు షెడ్డులో ఇయ్యవలెను.

బాలబాలికలారా, మీ యింట కారు లేకున్నను పొలము గట్టున నీరుతోడు ఇంజనుండవచ్చును. దాని క్రింద మరక కనబడినప్పుడు వెంటనే స్పానరు పట్టుకొనకుడు. శుభ్రపఱచి, పొడి చల్లి, పైనుండి క్రిందికి చూడుడు.