అమ్మ పేరున్న కంపెనీ... పాపాయికి టీకా

కాన్పయిన రోజే పసిబిడ్డ తొడకి చిన్న సూది వేస్తారు, గుర్తుందా? అలసటలో చాలామంది తల్లులు గమనించరు కూడా. అది హెపటైటిస్-బి టీకా. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. 1990ల మొదట్లో మాత్రం విదేశాల నుంచి రావాల్సిందే. డోసు వందల్లో. మూడు డోసులంటే ఇంటి బడ్జెట్ తలకిందులే!

నెల్లూరు జిల్లాకి చెందిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. మందుల మనిషి కాదు. ఆ టీకా మనమే చేసుకుందామని 1993లో కంపెనీ పెట్టి, తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ అన్నారు. మరి ల్యాబ్? మొదట ఉస్మానియా యూనివర్సిటీ చోటిచ్చింది. తర్వాత పక్కనే హబ్సిగూడలోని సీసీఎంబీ తలుపు తెరిచింది.

వైరస్ పైపొరలోని ప్రొటీన్‌కి సంబంధించిన జన్యువుని ఈస్ట్‌లో పెడితే, ఆ ఈస్టే ప్రొటీన్ తయారుచేసి పెడుతుంది. దాన్ని శుద్ధిచేస్తే టీకా. చెప్పడం తేలికే. కానీ నలుగురికి ఇడ్లీపిండి పులియబెట్టడం వేరు, పెళ్లికి నాలుగొందల మందికి వేరు కదండీ! గాజు ఫ్లాస్కులో కుదిరింది పెద్ద ట్యాంకులో కుదరాలి, ప్రతి బ్యాచీ ఒకేలా రావాలి. మన యూనివర్సిటీల్లో ఎన్నో పరిశోధనలు థీసిస్ అట్టల మధ్యే ఆగిపోయేది ఇక్కడే. అంతదాకా డబ్బు పెట్టే ఓపిక వ్యాపారికి ఉండదు, అమ్మకం సంగతి ప్రొఫెసరుకి పట్టదు.

1997 ఆగస్టులో షాన్‌వాక్-బి విడుదలైంది. మన దేశంలో జన్యు పరిజ్ఞానంతో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది. తర్వాత హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ కూడా రంగంలోకి దిగింది. పోటీతో ధర వందల నుంచి పదుల్లోకి జారింది. 2009లో శాంతా ఫ్రాన్సు కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది. మనసు కాస్త చివుక్కుమంటుంది, ఏం చేస్తాం!

పుట్టుకతో ఈ వైరస్ సోకిన పిల్లల్లో నూటికి దాదాపు 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకే మొదటి డోసు 24 గంటల్లో పడాలి. గర్భిణిగా ఉన్నప్పుడే రక్తపరీక్ష అడిగి చేయించుకోండి. తల్లికి వైరస్ ఉందని తేలితే బిడ్డకి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజక్షన్ కూడా ఇస్తారు. ఆ తల్లి నిశ్చింతగా పాలివ్వొచ్చు. కోడలికి ఈ జబ్బుందని కంచం, గ్లాసు వేరుపెట్టే అత్తగార్లు ఇంకా ఉన్నారు. కలిసి తింటే ఇది అంటదని వాళ్లకి డాక్టరు చేతే చెప్పించండి.