చాటునుంచి చూసే కన్ను

ఉగాదికి శ్రీశైలం వెళ్ళే యాత్రికులు నల్లమల గుండా గంటల తరబడి ప్రయాణం చేస్తారు. దారి పొడుగునా కనిపించేవి కోతులే. "ఇంత అడవిలో ఒక్క దుప్పి అయినా కనబడలేదేమండీ!" అని నిట్టూర్చేవారు ఎందరో. దుప్పులు లేక కాదు. మనిషి అలికిడి వినగానే అవి తప్పుకుంటాయి. మనిషి లేనప్పుడు అడవి ఎలా ఉంటుందో చూసి చెప్పగలది, చెట్టు మొదట కట్టిన చిన్న కెమేరా.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. అమెరికాలో జార్జి షిరాస్ అనే ఆయన, జింకలు తిరిగే దారిలో దారం కట్టి, అది తగలగానే ఫోటో పడే ఏర్పాటు చేశాడు. ఆయన తీసిన చిత్రాలను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906లో అచ్చువేసింది. మన దేశంలో ఛాంపియన్ అనే అటవీ అధికారి 1920లలో ఇదే ఉపాయంతో పులుల చిత్రాలు తీశాడు. దొరలందరూ తుపాకి పట్టిన రోజులవి!

ఇప్పటి కెమేరాకు దారంతో పని లేదు. ఎదుట వెచ్చని ప్రాణి కదిలితే చాలు, ఆ వేడిని పసిగట్టి ఫోటో తీస్తుంది. చీకటిలో కూడా చాలా కెమేరాలు కంటికి కనబడని కాంతితోనే పని జరుపుకుంటాయి గనుక జంతువు బెదరదు.

వసంతం దీనికి మంచి అదను. చైత్రం నాటికి నల్లమలలో ఆకు రాలి, వాగులు ఎండుతాయి. అటవీశాఖవారు పళ్ళెంలా కట్టించిన నీటి తొట్లకు దుప్పి, కణుజు, ఎలుగుబంటి, చిరుత, అన్నీ రావలసిందే. ఇప్పపూలు రాలిన చోట తెల్లవారుజామునే సందడి. కొమ్మ మీది కొండముచ్చులు తుంచి పారేసిన ఆకులను కింద చుక్కల దుప్పులు ఏరుకుని తింటాయి. పులి జాడ తెలిసి పైనుంచి కొండముచ్చు అరిచిందంటే కింద మంద పరుగే పరుగు!

ఇది వేడుకకు మాత్రమే కాదు. మన వేలిముద్రల వలె పులి చారలు ఒకదానివి మరొకదానికి ఉండవు. చిత్రాలు చూసి పులులను లెక్కించవచ్చును. 2018 గణనలో దేశంలో 26,838 చోట్ల కెమేరాలు పెడితే సుమారు మూడున్నర కోట్ల ఫోటోలు వచ్చాయి. పులులున్నవి 76,651 మాత్రమే!

అయితే ఈ కన్నుకు మృగమేదో మనిషెవరో తెలియదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవి గురించి 2024లో వెలువడిన ఒక పరిశోధన ఆ సంగతే చెబుతుంది. కట్టెలకు వెళ్ళే ఆడవారు మృగాలు దగ్గరకు రాకుండా గొంతెత్తి పాడుకునేవారట. కెమేరాలు వచ్చాక, ఎవరో చూస్తున్నారని బెదిరి మౌనంగా నడుస్తున్నారట. ఆ మౌనమే వారి ప్రాణానికి ముప్పు.

దుప్పికి తెలియకుండా దుప్పిని చూడడం ముచ్చటే. అడవినే నమ్ముకున్న ఆడకూతురిని ఆమెకు చెప్పకుండా చూడడం మర్యాద కాదు. కెమేరా ఎక్కడ కట్టిందీ, ఆ చిత్రాలు ఎవరు చూసేదీ ముందుగా ఊరివారికి చెబితే, అడవిలో దుప్పీ నిలుస్తుంది, పాటా నిలుస్తుంది.