‘శుద్ధ’ శబ్దము: ఒక సంగీత పారిభాషిక పదము, రెండర్థములు

ఒకే పారిభాషిక పదము రెండు సంప్రదాయములందు భిన్నార్థములను పొందినపుడు నిఘంటుకర్తకును అనువాదకునకును కలుగు చిక్కు కొంచెము కాదు. సంగీతశాస్త్రమునందలి ‘శుద్ధ’ శబ్ద మిందులకు మంచి ఉదాహరణము.

జంషెడ్‌పూర్ వంటి పట్టణమున ఈ చిక్కు గ్రంథములకు పరిమితమైనది కాదు. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు కంపెనీ సాక్చి గ్రామప్రాంతమున కర్మాగారమును నిర్మించినది. ఆ చోటికి 1919లో నేటి పేరు వచ్చినది. ఉత్తరాంధ్రమునుండి పెక్కు కుటుంబములు పనికై తరలిపోయి అచట స్థిరపడినవి. ఆ పట్టణమున త్యాగరాజకృతులు నేర్చుకొను తెలుగు విద్యార్థికి ఇరుగుపొరుగున వినవచ్చునది హిందుస్తానీ పరిభాష.

స్థాయియందలి స్వరస్థానములు 12 అనుటలో రెండు పద్ధతులకును భేదము లేదు. భేదమంతయు పేరు పెట్టుటలోనే కలదు. కర్ణాటక పద్ధతిలో షడ్జమునకు పై స్థానము శుద్ధరిషభము, దాని పైది చతుశ్శ్రుతిరిషభము. హిందుస్తానీ పద్ధతిలో మొదటిది కోమలరిషభము, రెండవది శుద్ధరిషభము. గాంధారమున ఎడము ఇంకను హెచ్చు. కర్ణాటక శుద్ధగాంధారము చతుశ్శ్రుతిరిషభముతో ఏకస్థానము. హిందుస్తానీ శుద్ధగాంధారమో, కర్ణాటకులు అంతరగాంధారమనునది. శుద్ధమధ్యమము మాత్రము రెంటను ఒక్కటే.

దీనికి కారణము స్పష్టము. కర్ణాటక పద్ధతిలో రి గ ధ నిలకు ‘శుద్ధ’ మనగా వాని భేదములలో అన్నిటికంటె దిగువది. కొన్ని స్థానములకు రెండేసి పేర్లుండుటచే 12 స్థానములకు 16 పేర్లు ఏర్పడినవి. 17వ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో నిరూపించిన 72 మేళముల ప్రణాళికకు ఇట్టి ద్వినామత్వమే ఆధారము. హిందుస్తానీ పద్ధతిలో ‘శుద్ధ’ మనగా ప్రమాణముగా గైకొన్న సప్తకమునందలి స్వరము. భాత్‌ఖండే (1860–1936) ఏర్పరచిన 10 ఠాట్‌లలో ఆ సప్తకము బిలావల్.

కావున స్వరములన్నియు శుద్ధములైన మేళమేదియని ప్రశ్నించినచో, కర్ణాటక విద్వాంసుడు మొదటి మేళమైన కనకాంగి యనును. హిందుస్తానీ విద్వాంసుడు చెప్పు బిలావల్, స్వరస్థానములనుబట్టి 29వ మేళమైన ధీరశంకరాభరణమునకు సమానము. ఇరువురును సత్యమే పలికిరి.

రాగనామములందును ఇట్టిదే. కర్ణాటక తోడి స్వరస్థానములు హిందుస్తానీ భైరవికి సరిపోవును. హిందుస్తానీ తోడి స్వరస్థానములు శుభపంతువరాళికి సరిపోవును. పేరును యథాతథముగా దింపిన అనువాదము ఇచట తప్పుత్రోవ పట్టించును. నిఘంటువున ఇట్టి పదము చేర్చునపుడు సంప్రదాయమును, షడ్జమునుండి స్థానసంఖ్యను కూడ తెలుపుట అవసరము.