బరువు పిల్లలది, బాధ్యత ఎవరిది?



గత సంవత్సరం పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మగారు, మార్కుల మాట అయిపోయాక, పక్కన నిలబడిన పాపను చూపిస్తూ "మేడమ్, దీనికి మీరైనా చెప్పండి. ఎంత చెప్పినా చిప్స్ మానదు. చూడండి ఎలా అయిందో" అన్నారు. పాప తల దించుకుంది. నేను కూడా ఆలోచించకుండా "జంక్ ఫుడ్ తినకూడదు కదమ్మా" అనేశాను. కాసేపటికి గేటు బయట అదే పాప చేతిలో చిప్స్ ప్యాకెట్ కనిపించింది. ఏడుపు ఆపడానికి అమ్మగారే కొనిచ్చారు.

ఆవిడను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. అలసిపోయిన రోజు ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ రోజంతా నాకు ఒకటే అనిపించింది. ఎనిమిదేళ్ల పాప మీద మేమిద్దరం కలిసి ఒక బాధ్యత పెట్టాం. డబ్బు ఆ పాప చేతిలో లేదు. ఇంట్లో సరుకులు ఆ పాప తేదు. స్కూల్ టైమ్‌టేబుల్ ఆ పాప వెయ్యదు. అయినా నలుగురిలో మాట పడింది మాత్రం తనే.

కోర్టు దాకా వెళ్లిన ప్రశ్న

బరువుకు బాధ్యులెవరు అన్న ప్రశ్న ఒకసారి కోర్టుకే వెళ్లింది. 2002లో న్యూయార్క్‌లో కొందరు పిల్లల తరఫున, తమ ఊబకాయానికి మెక్‌డొనాల్డ్స్ కారణమంటూ కేసు వేశారు. 2003 జనవరిలో జడ్జి రాబర్ట్ స్వీట్ ఆ కేసు కొట్టేశారు. అలాంటి తిండి అతిగా తింటే ఏమవుతుందో తెలిసి తిన్నవారు కంపెనీని తప్పు పట్టలేరన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. తర్వాత అప్పీలులో కేసులో కొంత భాగం మళ్లీ విచారణకు వచ్చినా అది గెలుపు దాకా వెళ్లలేదు.

"తెలిసి తిన్నవారు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పెద్దవాళ్లకు అది న్యాయమే. మన చేతిలో డబ్బు ఉంది, ప్యాకెట్ వెనక చదవగలం, వద్దనుకుంటే మానగలం. కానీ రెండో తరగతి పిల్లవాడికి ప్యాకెట్ మీద కార్టూన్ బొమ్మ కనిపిస్తుంది, వెనక ఉన్న పట్టిక కనిపించదు.

మన దేశంలో నిబంధనలు కూడా ఈ తేడాను గుర్తించాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న ఆహారాన్ని స్కూల్ క్యాంటీన్‌లో గానీ, స్కూల్ గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని ఫుడ్ సేఫ్టీ సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. అయితే 51వ మీటరు నుంచి ఇంటి దాకా ఉన్న దారి మన చేతిలోనే ఉంది.

ఎవరి పని ఎవరిది?

అమెరికాకు చెందిన ఆహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన ఒక పద్ధతి నాకు బాగా ఉపయోగకరంగా అనిపించింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దవాళ్ల పని. పెట్టిన వాటిలో ఏది తినాలి, ఎంత తినాలి అన్నది పిల్లల పని.

మనం చాలాసార్లు దీన్ని తిరగేస్తాం. "ఏం కావాలి కన్నా, నూడుల్సా, పఫ్పా?" అని వాళ్ల పని కానిది వాళ్లకు ఇస్తాం. "ప్లేటు ఖాళీ చేస్తే గానీ లేవకూడదు" అని వాళ్ల పని మనం తీసుకుంటాం. కడుపు నిండిందో లేదో తెలుసుకోవడం పిల్లలు అలా మర్చిపోతారు.

ఒక చిన్న లెక్క

కోలా డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 26 గ్రాములు, ఆరు టీస్పూన్లకు పైనే. రోజు మొత్తం కేలరీల్లో విడిగా కలిపిన చక్కెర 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 1700 కేలరీలు అవసరమైన పిల్లకు 5 శాతం అంటే సుమారు 21 గ్రాములు. ఒక్క సీసాతోనే అది దాటిపోయింది.

ఈ లెక్క ఐదో తరగతి పిల్లలతో చేయించండి. వాళ్లే ఆశ్చర్యపోతారు. లెక్క తెలిసిన పిల్లవాడికే కొద్దికొద్దిగా బాధ్యత అప్పగించగలం. ఇంకో మాట. ఇంట్లో చేసినంత మాత్రాన చేగోడీలు, పూరీలు నూనెలో వేగలేదని కాదు. "బయటిది చెడు, ఇంటిది మంచి" అని కాకుండా, ఎంత, ఎన్నిసార్లు అని మాట్లాడదాం.

బరువంతా తిండి వల్లే కాదు

వంశం, నిద్ర, ఆట, కొన్ని మందులు, హార్మోన్ల సమస్యలు కూడా బరువు మీద పనిచేస్తాయి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలి. ఇక్కడ మా వంతు కూడా ఒప్పుకోవాలి. సిలబస్ పూర్తి కాలేదని గేమ్స్ పీరియడ్ తీసుకున్న టీచర్లలో నేనూ ఉన్నాను. ఈ సంవత్సరం ఆ పని చెయ్యకూడదని అనుకున్నాను.

పెరిగే పిల్లల్ని పెద్దవాళ్ల బీఎంఐ లెక్కతో చూడకూడదు. వయసు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి వేరే చార్టులు ఉంటాయి. అనుమానం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. సొంతంగా డైటింగ్ పెట్టకండి, పూట మాన్పించకండి. చాలామంది పిల్లలకు బరువు తగ్గించాల్సిన పని ఉండదు, ఎత్తు పెరిగేదాకా బరువు నిలకడగా ఉంటే చాలు.

ఈ నెల చేసి చూడండి

1. చిప్స్, కూల్ డ్రింక్ ఇంట్లో నిల్వ పెట్టకండి. నెలలో ఎప్పుడైనా తినాలనిపిస్తే అందరూ కలిసి వెళ్లి తినండి, సంతోషంగా.
2. మార్కులకు బహుమతిగా, ఏడుపుకు మందుగా తిండి ఇవ్వకండి.
3. సాయంత్రం బస్సు దిగేసరికి జామకాయ, గుగ్గిళ్లు, మొక్కజొన్న కంకి, మజ్జిగ లాంటిది ఏదో ఒకటి సిద్ధంగా ఉంచండి. బేకరీ గుర్తొచ్చేది ఆ ఆకలికే.
4. పిల్లల బరువు గురించి బంధువుల ముందు, మా ముందు కూడా మాట్లాడకండి. మాతో విడిగా చెప్పండి.
5. వాళ్లకు వద్దన్నది మనమూ వాళ్ల ముందు తినకుండా ఉందాం.

ఆ పాప ఇప్పుడు పై తరగతిలో ఉంది. తర్వాతి మీటింగ్‌లో ఆ అమ్మగారితో విడిగా కూర్చుని మాట్లాడాను. ముందుగా, ఆ రోజు పాప ముందు అలా అన్నందుకు సారీ చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను కూడా ఇంటికెళ్లి దానికి చెప్పాలి మేడమ్" అన్నారు.