కళ్లపు ధూళి - ముక్కు దిబ్బడ

నూర్పిళ్లు ముగిసినను విడువని ముక్కు దిబ్బడను మామూలు పడిశమని ఉపేక్షింపరాదు. ముక్కు గాలిలోని దుమ్మును వడగట్టి, గాలిని వెచ్చబరచి, తేమపరచును. వరి నుసి, బూజు పట్టిన గడ్డి పొడి పడనివారికి ముక్కు లోపలి పొర వాచును. అందువలన రాత్రి నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చి నిద్ర చెడును. మరునాడు అలసట, విసుగు, దిగులు కలుగును. ఇంటివారు సోమరితనమని నిందించినను, మూలము ముక్కులోనే ఉండవచ్చును.

తూర్పార పట్టునప్పుడు గాలి మీ వీపునకు తగులునట్లు నిలువుడు. ముక్కు, నోరు మూయునట్లు మాస్కు ధరింపుడు. గడ్డి బాగుగా ఎండిన పిదపనే వామి వేయుడు. పని కాగానే, కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో చిన్న చెంచాడు ఉప్పు కలిపి ముక్కు కడుగుకొనుడు. దిబ్బడ విడుచుటకు వేయు చుక్కల మందును 5 దినములకు మించి వాడినచో దిబ్బడ మరల హెచ్చును. 12 వారములకును తగ్గనిచో వైద్యునకు చూపవలెను. ఆయాసము, పిల్లికూతలు ఉన్నచో వెంటనే చూపవలెను.