కడుపున కనని తల్లి – నిలోఫర్ రాకుమారి

గతమాసమున మా పొరుగింటి యిల్లాలు పదిదినముల పసికందు నెత్తుకొని, చిన్నకోడూరు నుండి సిద్దిపేట మీదుగా హైదరాబాదునకు పోయెను. శిశువునకు పచ్చకామెర్లు ముదిరినవి. అచ్చటి దవాఖానాలో కొన్నిదినములు నీలికాంతి క్రింద నుంచి చికిత్స సేయగా బిడ్డ తేఱుకొని యిల్లు చేరెను. చూడబోయిన నన్నామె యడిగిన మొదటి మాట యిది: "అక్కా, నిలోఫర్ అంటె ఎవరు? దేవత పేరా?"

ఆ ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

నిలోఫర్ అనునది పారసీక పదము; కలువపువ్వని యర్థము. మన నీలోత్పల శబ్దమే యా దేశమున కేగి యట్లు మాఱినదని భాషావేత్తలు చెప్పుదురు. ఆ పేరుగల యీ రాకుమారి 1916వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఇస్తాంబులు నగరమున జనించెను. తల్లి తురుష్క సుల్తానగు ఐదవ మురాదునకు పౌత్రి. పసితనముననే తండ్రి గతించెను. 1924లో తురుష్క ప్రభుత్వము రాజకుటుంబము నెల్ల దేశమునుండి వెడలగొట్టగా, తల్లీకూతుండ్రు ఫ్రాన్సు దేశమున నీసు పట్టణమున తలదాచుకొనిరి.

1931 నవంబరు మాసమున ఆ పట్టణముననే మన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కుమారు లిద్దఱికిని వివాహములు జరిగినవి. పెద్దవాడగు ఆజంజాహునకు కడపటి ఖలీఫా కూతురు దుర్రుషెహవారు, చిన్నవాడగు మొజంజాహునకు నిలోఫరు భార్య లయిరి. మొజంజాహి మార్కెట్టు ఈతని పేర వెలసినదే. నాటికి నిలోఫరునకు పదునైదేండ్లు. భాష తెలియని దేశమునకు వచ్చి, చీర కట్ట నేర్చి, ఘోషాను విడిచి సభలకు వచ్చెను. ఆమె సౌందర్యము దేశదేశముల కొనియాడబడెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆమె రోగులకు పరిచర్య సేయు విద్య నభ్యసించెను.

దుర్రుషెహవారునకు కుమారు లిద్దఱు కలిగిరి. నిలోఫరున కొక్క సంతానమును కలుగలేదు. ఎందఱు వైద్యులు చూచినను ఫలము లేకపోయెను.

ఇట్లుండగా ఆమె కత్యంత ప్రియురాలగు పరిచారిక యొకతె ప్రసవవేదనలో ప్రాణములు విడిచెనని చెప్పుదురు. మంత్రసాని చేతి నేర్పే సర్వస్వమైన దినములవి. రక్తస్రావము నాపువారు లేక, జ్వరమునకు మందు లేక, ఎందఱు బాలింతలు మడియుచుండిరో! నిలోఫరు దుఃఖించి యూరకుండలేదు. స్త్రీలకును శిశువులకును ప్రత్యేకముగా నొక దవాఖానా నిర్మింపవలెనని పట్టుపట్టెను. అట్లు 1953లో ఎఱ్ఱకొండల ప్రాంతమున, నేటి రెడ్‌హిల్సులో, ఆమె పేర నాసుపత్రి వెలసెను.

అప్పటికే, 1952లో, ఆమె వివాహబంధము తెగిపోయినది. ఫ్రాన్సునకు మరలిపోయి, 1963లో ఎడ్వర్డ్ పోప్ అను అమెరికా దేశస్థుని వరించి, 1989లో పారిసు నగరమున కన్నుమూసెను. ఆసుపత్రి మాత్రము మననడుమ నిలిచినది. నేటికిని తెలంగాణపు పల్లెపల్లెనుండి తల్లులు బిడ్డల నొడిలో నుంచుకొని అచ్చటికే పోవుచున్నారు.

సోదరీమణులారా! నాకు పెండ్లియై పదునాలుగేండ్లయినది. నా యొడి నిండలేదు. సీమంతములందు నన్నెవరును పొమ్మనరు. కాని గర్భిణికి గాజులు తొడుగు వేళ నన్ను పిలువను మఱతురు. ఈ మఱపునకు నే నలవాటు పడితిని. యశోద కృష్ణుని కనలేదని యామెను తల్లి కాదనువా రున్నారా? మనయిండ్ల మాత్రము సంతులేని దానిని వెనుక నిలుపుదుము.

ఈ మాటలన్నియు విని మా పొరుగింటి యిల్లాలు కొంతసేపు పలుకలేదు. పిదప బిడ్డను నా యొడిలో నుంచి, "నీళ్లు నువ్వే పోయక్కా" అనెను. ఆనాటినుండి ఆ పసిదానికి స్నానము చేయించుట నా పనియే.